పక్షుల పేరిట మైకుల పండుగ

సూళ్లూరుపేటలో ఫ్లెమింగోల పండుగ ఈ యేడును ముగిసినది. మరునాటి పత్రికలు తిరగవేయగా వేదికయు, విద్యుద్దీపాలంకరణమును, సినీగాయకులును, శాలువాలు కప్పించుకొనుచున్న పెద్దలును కన్నులపండువుగా గోచరించిరి గాని, పక్షి మాత్రము వారి వెనుకనున్న ఫ్లెక్సీపై తప్ప మరెక్కడను కానరాలేదు.

2001లో ఈ పండుగను ఆరంభించినవారి సంకల్పము మంచిదే. చిలికా తరువాత దేశములో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాటు మన ముంగిట నుండగా, శ్రీహరికోటకు పోవు దారికి ఇరువైపుల శీతకాలమందు వేలకొలది పక్షులు విడిది చేయుచుండగా, దానిని జనులకు చూపవలెననుట యుక్తమే. అయితే పక్షిని చూడవచ్చినవానికి ముందు కావలసినది నిశ్శబ్దము. ఆ చేరువనే యున్న నేలపట్టు చెరువులో నీట నిలిచిన కడప చెట్లపై గూడబాతు పిల్ల, తల్లి గొంతుసంచిలోనికి తలయే గాక మెడయు దూర్చి చేపను లాగికొనుట ఒక్క పర్యాయము చూచినవానికి ఏ గాయకుని పాటయు అక్కరలేదు. ఫ్లెమింగో భోజనము అంతకంటె విచిత్రము. మెడ వంచి, ముక్కును నీటిలో తలక్రిందులుగా బోర్లించి, నాలుకతో బురదనీటిని లోనికి లాగి వెలికి నెట్టుచు, ముక్కు అంచులందలి సన్నని జల్లెడలో చిక్కిన సూక్ష్మజీవులను మ్రింగును. దాని గులాబి వన్నెయు ఆ తిండి పెట్టినదే.

ఆ తిండి పుట్టుటకు లోతులేని ఉప్పునీరు కావలెను. ఆ నీటికి సముద్రపు పోటు కావలెను. పోటు లోనికి వచ్చుటకు పులికాటు ముఖద్వారము తెరచి యుండవలెను. రాయదొరువువద్ద ఇసుక మేటవేసి అది పూడిపోవుచున్నదని జాలరులు ఏండ్ల తరబడి మొరపెట్టుకొనుచునే యున్నారు. సరస్సు ఎండినచో పక్షికిని జాలరికిని ఒక్కటే పస్తు. డప్పుల దరువులో వారి మొర ఎవరి చెవిని బడును?

అసలు మైకు లేనిదే మనకు ఏ శుభకార్యమును పొసగదు. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు బహిరంగస్థలములందు మైకులు మ్రోగింపరాదని 2000 సంవత్సరపు కేంద్ర నిబంధనలు చెప్పుచుండగా, పెండ్లి ఊరేగింపునకు డీజే, కార్తికమాసమునకు తెల్లవారుజామున భక్తిగీతములు, ఎన్నికలకు వీధివీధి తిరుగు ఆటోలు! నిబంధనను అడ్డుపెట్టి అడిగినవాడు దైవద్రోహియో, ప్రతిపక్షమువాడో యగును. గూడబాతు విసిగి యెగిరిపోగలదు. మా వీధిలోని గుండెజబ్బు ముసలమ్మ ఎక్కడికి పోవును?

అధికారులకు నా మనవి యిది: రాయదొరువు ముఖద్వారమును సంపూర్ణముగా తెరచి, ఆ సంవత్సరము ఎంత ఘనముగానైన పండుగ చేయుడు, మొదటి శాలువా జాలరికి కప్పుడు. పాఠకులారా, మీరు మాత్రము పండుగ దినములను విడిచి, నవంబరు ఫిబ్రవరుల నడుమ ఏదేని పనిదినమున, ఎండ ముదురక మునుపే నేలపట్టునకు పొండు. పిల్లలను వెంట గొనిపొండు, సెల్‌ఫోను పాటలను ఇంటనే విడిచిపొండు.