చెయ్యి చాచితే బలం తగ్గుతుంది!

నిండు బిందెను చంకన పెట్టుకుంటే వీధి చివర నుంచి ఇంటిదాకా తెచ్చేయొచ్చు. అదే బిందెను చెయ్యి చాచి పట్టుకోమంటే..? నిమిషం కూడా నిలవదు. బిందె బరువు పెరగలేదు. ఒంటికీ దానికీ మధ్య దూరం పెరిగిందంతే. లారీ మీద అమర్చిన హైడ్రాలిక్ క్రేన్ గుట్టంతా ఇదే!

విశాఖలో ఈ బండ్లను చూడనివారుండరు. పోర్టు, గాజువాక, ఆటోనగర్, ఉక్కు కర్మాగారం... ఇనుప దూలాలు, యంత్రాలు ఎక్కడ దించాలన్నా అవే దిక్కు. బండి మీద '10 టన్నులు' అని ఉంటే ఎంత దూరంలోని పది టన్నులనైనా లేపేస్తుందనుకుంటారు చాలామంది. కానీ ఆ అంకె చెల్లేది బరువు క్రేన్‌కు బాగా దగ్గరగా ఉన్నప్పుడే. 3 టన్నుల బరువును 4 మీటర్ల దూరంలో ఎత్తితే క్రేన్ మీద పడే భారం 12 టన్ను-మీటర్లు. 8 మీటర్లయితే 24... అంటే రెట్టింపు! ఎంత దూరంలో ఎంత ఎత్తవచ్చో లోడ్ చార్టులో ఉంటుంది. కొక్కెం, గొలుసుల బరువునూ కలిపే లెక్క చూసుకోవాలి.

తర్వాత చూడాల్సింది నేలను. పని జరిగేటప్పుడు భారమంతా పక్కలకు చాచిన జాకీ కాళ్ల మీదే. కాలువ మీది పలక, కొత్తగా పూడ్చిన గొయ్యి, వానకు నానిన మట్టి... పైకి గట్టిగానే కనిపిస్తాయి. ఒక్క కాలు దిగబడితే చాలు, బండి ఒరిగిపోతుంది. అందుకే కాళ్లను పూర్తిగా చాచి, కింద వెడల్పాటి దిమ్మలు వేయాలి. సముద్రపు గాలి జోరుగా ఉంటే వెడల్పాటి రేకులు ఎత్తకపోవడమే మేలు. అవి తెరచాపల్లా లాగేస్తాయి.

కరెంటు తీగలు మరో గండం. అమెరికా నిబంధనల ప్రకారం 50 కిలోవోల్టుల వరకూ ఉన్న లైన్లకు క్రేన్ కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలి. బూమ్ తీగకు తగిలితే కిందనున్నవారు బండిని ముట్టుకోకూడదు.

2020 ఆగస్టు 1న విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల భారీ క్రేన్‌ను పరీక్షిస్తుండగా కుప్పకూలింది. 11 మంది ప్రాణాలు పోయాయి. అది లారీ క్రేన్ కాదు. అయినా ఆ విషాదం ఏ క్రేన్‌కైనా వర్తించే సంగతే చెబుతుంది. పరీక్షయినా అసలు పనయినా, ఆ పనితో సంబంధం లేనివారెవరూ దాని పరిధిలో ఉండకూడదు. వేలాడే బరువు కింద ఎవరూ నిలబడకూడదు. ఆపరేటర్‌కు సైగలు చేసేది ఒక్కరే అయినా, 'ఆపు' అనే సైగ మాత్రం ఎవరు చేసినా ఆపాల్సిందే.

'కాస్తేగా... ఎత్తేయ్' అని పక్కనుంచి తొందరపెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. చార్టు కుదరదంటే ఆపరేటర్ కూడా కుదరదనే చెప్పాలి. అలా అన్నందుకు అతన్ని కోప్పడకుండా ఉండటం పని చేయించుకునేవారి బాధ్యత. అక్కడ పని చేసే ప్రతి ఒక్కరి కోసం సాయంత్రం ఓ ఇల్లు ఎదురుచూస్తుంటుంది మరి!