ముందు ఓ స్టూలు వేయండి!

మహిళా దినోత్సవం వచ్చిందంటే చాలు, ఉద్యోగినుల ఆరోగ్యం అందరికీ గుర్తుకొస్తుంది. ఓ పూట యోగా, బీపీ, షుగరు పరీక్షలు, డాక్టరుగారి ఉపన్యాసం, ఆనక గ్రూపు ఫొటో. మంచిదే, కాదనం. రక్తహీనతో, షుగరో ముందుగా బయటపడితే మేలే కదా. కానీ మర్నాటి నుంచీ ఆ ఉద్యోగిని ఎలా పనిచేస్తోందో అడిగేవారేరీ?

బట్టల షాపులో సేల్స్‌గర్ల్ సంగతే చూడండి. పొద్దున కౌంటరు దగ్గర నిలబడితే రాత్రి షట్టరు దించేదాకా అంతే. చాలాచోట్ల బేరం లేనివేళ కూడా కూర్చోనివ్వరు. కస్టమరుకి మర్యాదగా ఉండదట! సాయంత్రానికి పాదాలు వాస్తాయి, మడమలు సలుపుతాయి. ఏళ్ల తరబడి ఇలాగే నిలబడితే పిక్కల్లో నరాలు ఉబ్బే ప్రమాదమూ ఎక్కువే. ఇక బాత్‌రూమా... ఉంటే ఏ పై అంతస్తులోనో. వెళ్లాలంటే సూపర్‌వైజరు అనుమతి కావాలి. ఆ బాధ పడలేక పాపం, మంచినీళ్లు తాగడమే మానేస్తారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రాక ఏంచేస్తుంది?

కేరళలో కోజికోడ్ మిఠాయి వీధి దుకాణాల్లోనూ ఇదే కథ నడిచేది. కుట్టుపని చేసే పి.విజి 'పెణ్‌కూట్టు' పేరుతో తోటి ఆడవాళ్లను కూడగట్టారు. మొదట మరుగుదొడ్డి కావాలన్నారు, తర్వాత కూర్చోనివ్వండి అన్నారు. ఏళ్లపాటు పోరాడితే 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి, ఉద్యోగులకు కూర్చునే ఏర్పాటు చేయాల్సింది యజమానేనని తేల్చింది. 2021లో తమిళనాడూ అదే బాట పట్టింది. నిజానికి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే, నిలబడి పనిచేసేవారికి సందు దొరికినప్పుడు కూర్చునే వీలుండాలని రాశారు. ఫ్యాక్టరీలో వచ్చే కాళ్లనొప్పి షాపులో రాదనుకున్నారో ఏమో!

స్టూలుకి ఎంతవుతుందని? ఆరోగ్య శిబిరం బ్యానరుకీ, శాలువాలకీ అయ్యేపాటి ఖర్చే. అయినా వేయరు. కూర్చుంటే బద్ధకిస్తారని భయం. కూర్చున్న అమ్మాయిని చూసి 'లేచి చూపించవేం?' అని కసిరే కస్టమర్లూ లేకపోలేదు. యజమానికి కావలసిన సాకు అదే. ఈసారి ఆ పిల్ల కూర్చునే చీర మడతలు విప్పితే విప్పనిద్దాం. బిల్లు కట్టేటప్పుడు కౌంటరులో ఉన్నాయనను ఓ మాట అడుగుదాం: "మీ అమ్మాయిలకు కూర్చోడానికి స్టూళ్లేవండీ?" అని.