పదేళ్ల ల్యాప్‌టాప్.. పారేయకండి, ఆగండి!

2025 అక్టోబర్ 14 తర్వాత ఒక మాట బాగా తిరుగుతోంది. ‘విండోస్ 10 అయిపోయింది, ఆ ల్యాప్‌టాప్‌లు ఇంక పనికిరావు’ అని. కాలేజీ పిల్లలు అడుగుతున్నారు, వాళ్ల అమ్మానాన్నలు అడుగుతున్నారు. కొందరైతే అడగకుండానే ఈఎంఐ మీద కొత్తది కొనేస్తున్నారు. కాబట్టి ఈ వారం దీని సంగతే చూద్దాం.

ముందు ఆ మాటలో నిజమెంత? ఆ రోజుతో విండోస్ 10కి ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. అంతే. ల్యాప్‌టాప్ ఆగిపోలేదు. ఆన్ అవుతుంది, ఫైళ్లు తెరుచుకుంటాయి. కానీ కొత్తగా బయటపడే లోపాలకు మందు రాదు. అలాంటి దాంట్లో నెట్ బ్యాంకింగ్ చేయడం, దొరికిన సాఫ్ట్‌వేర్‌లన్నీ దించుకోవడం రోజురోజుకూ ప్రమాదమే.

‘మరి విండోస్ 11 వేసుకుంటే పోలా’ అంటారా? అది అన్నిటికీ ఎక్కదు. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ చాలామంది దగ్గర ఉంటాయి. చిక్కంతా మిగతా రెండు షరతుల దగ్గర. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో జనరేషన్ నుంచి పైన ఉండాలి. 2015, 16లో తయారైన ల్యాప్‌టాప్‌లు ఈ గేటు దాటలేవు. మన ఊళ్లలో సెకండ్‌హ్యాండ్‌లో తిరిగేవి ఎక్కువగా అవే.

మా మేనకోడలిదీ అదే రకం. మా అక్కావాళ్లది కట్టంగూర్. హైదరాబాద్-విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దాటితే వస్తుంది. పాప డిగ్రీ ఆఖరి ఏడాది, బీకాం కంప్యూటర్స్. మూడేళ్ల కింద బావ సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చిచ్చిన ల్యాప్‌టాప్ వాడుతోంది. ఐదో జనరేషన్ ఐ5, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఫోన్ చేసి ఒకటే మాట:

“మామా, దీనికి ఇంక అప్‌డేట్లు రావంట. యూనివర్సిటీ వెబ్‌సైట్ తెరిస్తే ఎర్రగ వార్నింగ్ వస్తుంది. షాపాయనకు చూపిస్తే వైరస్ పట్టింది, బోర్డు గూడ పోయింది, కొత్తది తీస్కోండి అంటుండు.”

వెనక నుంచి బావ గొంతు: “పత్తి పైసలు రాంగనే కొత్తది తీస్కుందాం తియ్యి బామ్మర్దీ.”

పత్తి పైసల సంగతి నాకు తెలుసు. అక్టోబర్ వానలకు తడిసింది, తేమ ఎక్కువుందని ధర సరిగా పడలేదు. ఉన్న రెండెకరాల పైసల్లోంచి నలభై వేలు ల్యాప్‌టాప్‌కి పోతే యాసంగి పెట్టుబడికి మళ్లీ అప్పే. పాపకేమో ప్రాజెక్టు గడువు దగ్గర పడుతోంది. అందుకే కొనే ముందు ఒక్క ఆదివారం నాకివ్వమన్నాను.

ముందు రోగం తెలుసుకోవాలి

ఎర్ర వార్నింగ్ సంగతి ముందు తేలింది. స్క్రీన్ కింద మూలన తేదీ చూస్తే 2015 జనవరి అని ఉంది. వెబ్‌సైట్లకు సెక్యూరిటీ సర్టిఫికెట్ అని ఒకటి ఉంటుంది, దానికి మొదలు తేదీ, గడువు తేదీ రాసి ఉంటాయి. మీ ల్యాప్‌టాప్ పదేళ్ల వెనక బతుకుతుంటే, ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదని బ్రౌజర్ అనుకుంటుంది. అందుకే ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’ అంటుంది. వైరస్ ఏమీ లేదు.

తేదీ ఎందుకు వెనక్కి పోయింది? మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత గుండ్రటి బ్యాటరీ ఒకటి ఉంటుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో సీఆర్ 2032 రకం, 3 వోల్టులు. కరెంటు లేనప్పుడు కూడా గడియారాన్ని నడిపించేది అదే. ఏళ్లు గడిచాక అయిపోతుంది. కొన్ని మోడళ్లలో చిన్న వైరుతో వస్తుంది కాబట్టి పాతది తీసి, అలాంటిదే అడిగి తెచ్చుకోవాలి. బోర్డు పోయిందన్న ల్యాప్‌టాప్‌కి నిజంగా పోయింది ఆ బిళ్ల ఒక్కటే.

రెండో రోగం నిదానం. ఆన్ చేసి చాయ్ తాగి వచ్చినా ఇంకా చక్రం తిరుగుతూనే ఉంటుంది. దీనికి కారణం ఎక్కువసార్లు ప్రాసెసర్ కాదు, హార్డ్ డిస్కే. పాత ల్యాప్‌టాప్ డిస్కులు సాధారణంగా నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతాయి. చిన్న సూదిలాంటి చేయి అటూఇటూ జరుగుతూ ఒక్కో ముక్క ఏరుకొస్తుంది. ఇప్పటి బ్రౌజర్లు, అప్‌డేట్లు ఒకేసారి వందచోట్ల నుంచి చదవమంటాయి. అది పాపం ఎక్కడికని పరుగెత్తాలి? ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే ఉండదు. పాత ల్యాప్‌టాప్‌కి ఒక్క పనే చేయగలిగితే ఎస్‌ఎస్‌డీ వేయించండి.

ర్యామ్ తర్వాత. 4 జీబీతో నాలుగు ట్యాబ్‌లు, ఒక యూట్యూబ్ పెడితే గొంతు మీదికి వస్తుంది. 8 చేస్తే ఊపిరి ఆడుతుంది. కొనేటప్పుడు రకం చూసుకోండి. ఐదో జనరేషన్ దాకా సాధారణంగా డీడీఆర్3ఎల్, ఆ తర్వాతి వాటిలో ఎక్కువగా డీడీఆర్4. రెండింటి గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది. ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి కూర్చోదు. బలవంతంగా నొక్కొద్దు.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే మన సీటీసీలో, ఈ సామాన్లన్నీ దొరుకుతాయి. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, వాడిన 4 జీబీ ర్యామ్, గుండ్రటి బ్యాటరీ అన్నీ కలిపి మూడు వేల చిల్లర అయింది. పాత ల్యాప్‌టాప్ మోడల్ నంబర్, వీలైతే పాత ర్యామ్ ఫొటో తీసుకెళ్లండి. షాపులో వాదన తగ్గుతుంది.

టాలీ ఉంది కదా, మరెట్ల?

సాధారణంగా ఇలాంటి ల్యాప్‌టాప్‌కి విండోస్ తీసేసి లైనక్స్ వేసుకోమని చెబుతాను. ఉచితం, అప్‌డేట్లు వస్తాయి, తేలికగా నడుస్తుంది. కానీ బీకాం పిల్లకు టాలీ కావాలి, టాలీ నడిచేది విండోస్‌లో. ‘లైనక్స్ గొప్పది’ అని మనం ఎంత చెప్పినా పరీక్షలో టాలీ అడుగుతారు. కాబట్టి రెండూ ఉంచాం. టాలీ, కాలేజీ పనికి విండోస్ 10. ఇంటర్నెట్, చదువు, సినిమాలకు లైనక్స్ మింట్. ఆన్ చేయగానే ఏది కావాలో అడుగుతుంది.

వరస ముఖ్యం. ముందు విండోస్, తర్వాత లైనక్స్. తిరగేసి వేస్తే విండోస్ తన బూట్ ఫైళ్లను ముందుకు తోసి లైనక్స్‌ను దాచేస్తుంది. అసలు లైసెన్సుతో నడిచిన ల్యాప్‌టాప్ అయితే, కొత్త ఎస్‌ఎస్‌డీలో అదే ఎడిషన్ విండోస్ 10 మళ్లీ వేసినప్పుడు నెట్ కలపగానే మామూలుగా దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. ఆ గుర్తింపు మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. బోర్డు మారలేదు కాబట్టి చిక్కులేదు.

అప్‌డేట్ల సంగతికీ ఒక దారి ఉంది. మామూలు వినియోగదారులకు మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే పైసా కట్టక్కర్లేదు. వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో ‘ఎన్‌రోల్’ అని కనిపిస్తుంది. పాప డిగ్రీ పూర్తయ్యేదాకా ఈ గడువు సరిపోతుంది.

ఫోన్‌తోనే లైనక్స్

లైనక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అని తేలికైన ఎడిషన్ ఉంది. కనీసం 2 జీబీ ర్యామ్, 20 జీబీ జాగా చాలు, 4 జీబీ ఉంటే హాయి. 22వ వెర్షన్‌కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఫైల్ దాదాపు 3 జీబీ. రోజుకు 2 జీబీ ప్యాక్ ఉన్నవాళ్లు రాత్రి పన్నెండుకు ముందు సగం, తర్వాత సగం దించుకోండి. డౌన్‌లోడ్‌ను మధ్యలో పాజ్ చేసే ఏర్పాటు బ్రౌజర్‌లోనే ఉంటుంది.

దించిన ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ పేస్ట్ చేస్తే పనిచేయదు. రాయాలి. విండోస్‌లో రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్ ఆ పని చేస్తుంది. కంప్యూటరే లేకపోతే ఆండ్రాయిడ్‌లో ఎచ్‌డ్రాయిడ్ అనే ఉచిత యాప్ ఉంది. ఓటీజీ కేబుల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తగిలించి ఫోన్ నుంచే రాయొచ్చు. పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాత ఫొటోలన్నీ పోతాయి, ముందే తీసి పెట్టుకోండి.

ఇప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తూ బూట్ మెనూ బటన్ నొక్కండి. డెల్, లెనోవో అయితే సాధారణంగా ఎఫ్12. హెచ్‌పీ అయితే ఎఫ్9. ఏసుస్ అయితే ఎస్కేప్. పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే లైనక్స్ తెరుచుకుంటుంది, డిస్కులో ఇంకా ఏమీ మారదు. కాసేపు వాడి చూడండి. వైఫై, సౌండ్, కెమెరా అన్నీ పనిచేస్తున్నాయనుకుంటేనే ఇన్‌స్టాల్ నొక్కండి. వైఫై రాకపోతే కంగారు పడొద్దు. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది. తర్వాత డ్రైవర్ మేనేజర్‌లో వైఫై డ్రైవర్ వేసుకోవచ్చు.

రెండు సిస్టమ్‌లు పెట్టుకున్నవాళ్లకు ఒక తమాషా కనిపిస్తుంది. లైనక్స్ నుంచి విండోస్‌లోకి వెళ్తే గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక ఉంటుంది! లైనక్స్ లోపలి గడియారాన్ని గ్రీన్‌విచ్ లెక్కలో ఉంచుతుంది, విండోస్ మన స్థానిక సమయం అనుకుని చదువుతుంది. రెండింటికీ తేడా ఐదున్నర గంటలు. విండోస్ తేదీ సెట్టింగ్స్‌లో ‘సింక్ నౌ’ నొక్కితే అప్పటికి సర్దుకుంటుంది. బ్యాటరీ బిళ్ల మళ్లీ పోయిందని షాపుకి పరుగెత్తకండి.

తెలుగు సంగతి

యూనికోడ్ తెలుగు లైనక్స్‌లో హాయిగా కనిపిస్తుంది. రాయడానికి ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టేవాళ్లకు ఆర్‌టీఎస్ ఉంది, యాపిల్ కీబోర్డు అలవాటున్నవాళ్లకు అదీ ఉంది. ఐబస్ అనే ప్రోగ్రామ్‌లో ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే ఇవన్నీ వస్తాయి. లైనక్స్‌ను తెలుగులోకి తెచ్చే పనిలో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న స్వేచ్ఛ సంస్థ వలంటీర్ల కష్టం చాలా ఉంది.

ఒక్క జాగ్రత్త. డీటీపీ షాపులో అను ఫాంట్‌లో కొట్టించిన ఫైల్ ఏ ల్యాప్‌టాప్‌లో తెరిచినా, ఆ ఫాంట్ లేకపోతే పిచ్చి గీతల్లాగే కనిపిస్తుంది. యూనికోడ్‌లో ఇమ్మని, లేదా పీడీఎఫ్ ఇమ్మని ముందే అడగండి. మీరు ప్రాజెక్టు పంపేటప్పుడూ పీడీఎఫే పంపండి. లిబ్రే ఆఫీస్‌లో చేసిన ఫైల్ వర్డ్‌లో తెరిస్తే పేజీలు కాస్త జరుగుతాయి.

కరెంటు, దుమ్ము, బ్యాటరీ

అడాప్టర్‌కి మూడు పిన్నులుంటే మూడూ వాడండి. టూ పిన్ సాకెట్ కోసం లావు పిన్ను విరగ్గొట్టడం చాలా ఇళ్లలో చూశాను. ఎర్త్ లేకపోతే ల్యాప్‌టాప్ లోహపు బాడీ ముట్టుకున్నప్పుడు జిలజిలమంటుంది. మంచం మీద బొంత పరిచి దాని మీద పెట్టొద్దు. గాలి కిందనుంచి లోపలికి పోవాలి, బొంత దాన్ని మూసేస్తుంది. ఫ్యాన్ దుమ్ము ఏడాదికోసారి తీయించండి.

బ్యాటరీ ఆరోగ్యం పవర్ మేనేజర్‌లో కనిపిస్తుంది. తయారైనప్పటి సామర్థ్యం ఒక అంకె, ఇప్పటిది ఇంకో అంకె. ఇప్పటిది సగం కంటే తక్కువుంటే ఛార్జర్ పెట్టే వాడుకోవాలి. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు డబ్బులిచ్చే ముందే ఇది చూడండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుంటే, కింది మూత ఉబ్బితే బ్యాటరీ వాచిందని అర్థం. వెంటనే ఆపేయండి, ఛార్జింగ్ పెట్టొద్దు, గుచ్చొద్దు, చెత్తకుండీలో వేయొద్దు. లిథియం బ్యాటరీ మంటలు ఊరికే ఆరవు. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వాలి.

ఎప్పుడు వదిలేయాలి మరి?

అన్నీ బాగుచేయమని నేను చెప్పను. స్క్రీన్, కీబోర్డు, బ్యాటరీ మూడూ పోయి, ఖర్చు ఇంకో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ ధరలో సగం దాటితే వదిలేయండి. వీడియో ఎడిటింగ్, పెద్ద గేమ్‌లు, ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసే కోర్సు అయితే పాత ఐదో జనరేషన్ మీద కుస్తీ పట్టి నెలలు పోగొట్టుకోవద్దు. వాటికి బలమైన మెషీన్ నిజంగానే కావాలి. కానీ నోట్స్, ఎక్సెల్, టాలీ, ఆన్‌లైన్ క్లాసులు, ఉద్యోగాల దరఖాస్తులు.. వీటికి ఎస్‌ఎస్‌డీ వేసిన పాతది చాలు. మా పాప ప్రాజెక్టు దాంట్లోనే పూర్తయింది. బావ పత్తి పైసలు యాసంగి నాట్లకు పోయాయి.

బయటికి తీసిన పాత హార్డ్ డిస్క్‌ను పారేయకండి. చిన్న యూఎస్‌బీ కేస్‌లో పెడితే బ్యాకప్ డిస్క్ అవుతుంది. సర్టిఫికెట్ల స్కాన్‌లు, ప్రాజెక్టు ఫైళ్లు నెలకోసారి అందులోకి కాపీ చేసుకోండి. దాన్ని ఎవరికైనా ఇచ్చేటట్టయితే డిలీట్ ఒక్కటే నొక్కితే సరిపోదు, డిస్కంతా తుడిచేసి ఇవ్వాలి. అదెలాగో, ఫోన్ అమ్మే ముందు ఏం చేయాలో వచ్చే వారం చూద్దాం.