గజ్జికి మందు పూయు విధము

రాత్రివేళ మిక్కుటమగు దురదయు, వ్రేళ్ల సందులలో చిన్న పొక్కులును గజ్జికి గురుతులు. కంటికానని పురుగు చర్మమును తొలిచి గ్రుడ్లు పెట్టుటచే నిది కలుగును. దురదగల బిడ్డకు మాత్రమే మందు పూసి, ఒకే చాపపై పరుండు తక్కినవారిని విడిచినచో వ్యాధి మరల వచ్చును. కావున దురద లేనివారితో సహా ఇంటిల్లిపాదియు ఒకే రాత్రి, నూటికి 5 పాళ్ల పెర్మెత్రిన్ లేపనమును మెడ మొదలు అరికాళ్ల వరకు పూసికొని, 8 మొదలు 14 గంటలుంచి కడిగికొనవలయును. వారమునకు మరల పూయవలయును. దుస్తులు, దుప్పట్లు వేడినీట నుదికి ఎండవేయవలయును. పసిబిడ్డలకును గర్భిణులకును వైద్యుని అడిగియే మందు వాడవలయును. పురుగు చచ్చినను దురద కొన్ని వారములుండవచ్చును. అందుకై మాటిమాటికి మందు పూయరాదు. గజ్జి పాపఫలము గాదు. సిగ్గుపడి దాచినయెడల లయినులోని ఇంటింటికిని ప్రాకును.