కనబడని పగులు ఎవరికి కనబడలేదు?



2016 డిసెంబరు 29 రాత్రి జార్ఖండ్‌లోని లాల్‌మటియా ఓపెన్‌కాస్టు గనిలో వాలు జారి 23 మంది మట్టిక్రింద పడి మరణించారు. అందరూ ప్రైవేటు కాంట్రాక్టరు క్రింద పనిచేసినవారే. లోపల దాగియున్న పగులు వెంట బెంచీ అంచు తెగియుండవచ్చునని తొలి అధికార ప్రకటన. కనబడని పగులట! దానిని కనిపెట్టుటకే గదా బోరు రంధ్రాలు, నీటి పీడనాన్ని కొలిచే పీజోమీటర్లు, గోడ కదలికను మిల్లీమీటర్లలో పసిగట్టే రాడార్లు ఉన్నవి!

మన ప్రేమ్ బజార్ ప్రక్కనే ఐ.ఐ.టి.లో గనుల శాస్త్రం బోధిస్తున్నారు. దేశంలో విజ్ఞానానికి కరువు లేదు. త్రవ్విన గోడను బెంచీలుగా కోయాలి. పైఅంచున కాలువ తీసి వాననీటిని మళ్ళించాలి. రాతిలో ఉక్కు బోల్టులు దించి, వల పరచి, కాంక్రీటు చిమ్మాలి. అన్నిటికన్న ముఖ్యం, లోపలి నీరు బయటపడుటకు రంధ్రాలు వేయాలి. సింగరేణిలో అడ్రియాల భూగర్భ గనికి దారిని ఓపెన్‌కాస్టు గోడలోనుండే తొలిచారు. అట్టి చోట ఆ గోడ ప్రతి షిఫ్టులోనూ కార్మికుని నెత్తిమీదనే ఉంటుంది.

ఇది గనివారి గొడవ, మనకెందుకని అనవద్దు. కొత్తవలస–కిరండూల్ మార్గంలో కొండను కోసి వేసిన పట్టాల వెంట వానలో గస్తీ తిరిగేది మన ట్రాక్‌మన్ సోదరుడే. నీరు నిండిన మట్టికి గని, రైలు కటింగ్ అన్న భేదం లేదు. కాలువ పూడిక తీయుటకు మనిషిని వేయనిచోట రాడారు ఏమి చేయగలదు?

గోడ కొలతల రిజిస్టరు కార్మికుల ముందుంచాలి. గోడ కదిలినదని తెలిసిన క్షణాన పని ఆపే హక్కు కాంట్రాక్టు కార్మికునికి కూడ ఉండాలని మేము డిమాండు చేస్తున్నాము.