వీఎల్‌సీలోకి ఏఐ సబ్‌టైటిల్స్.. మరి పాత ఫోన్ల సంగతేంటి?

వాట్సాప్‌లో వచ్చిన వీడియో ఓపెన్ కాదు. డౌన్‌లోడ్ చేసుకున్న సినిమాకి బొమ్మ వస్తుంది, సౌండ్ రాదు. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని ఒక్కటే.. వీఎల్‌సీలో పెట్టి చూడటం. ఆరెంజ్ ట్రాఫిక్ కోన్ గుర్తుతో ఉండే ఈ ప్లేయర్‌ ఫ్రీ. యాడ్స్ ఉండవు, లాగిన్ అడగదు. ఓపెన్ సోర్స్ కాబట్టి కోడ్ ఎవరైనా చూడొచ్చు.

దీన్ని నడిపే వీడియోలాన్ సంస్థ 2025 జనవరిలో లాస్ వెగాస్‌లో జరిగిన సీఈఎస్ షోలో డౌన్‌లోడ్లు 600 కోట్లు దాటాయని ప్రకటించింది. అక్కడే ఏఐ సబ్‌టైటిల్స్ డెమో కూడా ఇచ్చింది. వీడియోలో మాటలు విని సబ్‌టైటిల్స్ తనే రాస్తుంది, వేరే భాషలోకి మారుస్తుంది. అదీ నెట్ లేకుండానే.

నెట్ లేకుండా అంటే మన ఆడియో ఎవరి సర్వర్‌కీ వెళ్లదు. ఇది నిజంగా మంచి విషయం. కానీ సర్వర్ చేయాల్సిన పనంతా మన ఫోనే చేయాలి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇలాంటి పనికి పేరున్న ఓపెన్ సోర్స్ మోడల్ విస్పర్‌నే తీసుకుంటే, అందులో అన్నిటికంటే చిన్నది దాదాపు 75 ఎంబీ, పెద్దది 3 జీబీ దాకా ఉంటుంది. చిన్నది పెడితే తప్పులు ఎక్కువ. ఇంగ్లిష్ సంగతి ఎలా ఉన్నా, తెలుగు లాంటి భాషల్లో ఇంకా ఎక్కువ. పెద్దది పెడితే స్టోరేజ్ ఖాళీ ఉండదు, ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. గుడ్ మార్నింగ్ మెసేజ్‌లతోనే నిండిపోయిన 32 జీబీ ఫోన్‌కి ఇది మామూలు బరువు కాదు.

నిజానికి వీఎల్‌సీ కథ మొదలైందే స్పీడ్ కోసం. 1996లో పారిస్ దగ్గర ఎకోల్ సెంట్రల్ విద్యార్థులు తమ క్యాంపస్ నెట్‌వర్క్ మరీ స్లోగా ఉందని, వేగమైనది తెచ్చుకునేందుకు వీడియో ప్రాజెక్ట్ మొదలుపెట్టారు. 2001లో అది ఓపెన్ సోర్స్ అయింది. కోన్ గుర్తు వెనక కూడా విద్యార్థులు పోగేసిన ట్రాఫిక్ కోన్లే ఉన్నాయంటారు!

ఫీచర్ ఒకసారి లోపలికి వచ్చిందంటే బయటికి పంపడం కష్టం. దాన్ని వాడేది వంద మందే అయినా ఏళ్ల తరబడి ఎవరో ఒకరు చూసుకోవాలి. పైగా ప్రతి కొత్త ఫార్మాట్ హ్యాకర్‌కి ఇంకో తలుపు లాంటిది. 2019లో యూరోపియన్ కమిషన్ డబ్బులిచ్చి బగ్స్ వెతికిస్తే, 3.0.7 అప్‌డేట్‌లో 30కి పైగా సెక్యూరిటీ లోపాలు సరిచేయాల్సి వచ్చింది. పెద్ద కంపెనీ అయితే ఇంకో టీమ్‌ని పెడుతుంది. ఇక్కడ ఉన్నది కొద్దిమంది డెవలపర్లు, వాలంటీర్లు. 2018లో వచ్చిన 3.0 తర్వాత 4.0 కోసం యూజర్లు ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి రావడానికి ఇదీ ఒక కారణమే అనుకోవాలి.

అలాగని కొత్తది వద్దంటే? వినికిడి సమస్య ఉన్నవాళ్లకి, భాష రానివాళ్లకి సబ్‌టైటిల్స్ సరదా ఫీచర్ కాదు, అవసరం. వాళ్లని పక్కనపెట్టి లైట్ యాప్ అని చెప్పుకుంటే అర్థం లేదు.

దారి వీఎల్‌సీ నిర్మాణంలోనే ఉంది. మధ్యలో చిన్న కోర్, చుట్టూ వందలాది మాడ్యూల్స్. వీడియోకి ఏ మాడ్యూల్ కావాలో అదే పనిలోకి దిగుతుంది. ఏఐ మోడల్‌ని కూడా యాప్‌తో పాటు అందరి ఫోన్లలోకీ తోసేయకుండా, కావాలన్నవాళ్లే విడిగా డౌన్‌లోడ్ చేసుకునేలా ఇస్తే పాత ఫోన్ మీద అదనపు భారం దాదాపు ఉండదు. ఆ స్విచ్ మొదట ఆన్‌లో ఉంటుందా, ఆఫ్‌లో ఉంటుందా అన్నదే ఇప్పుడు చూడాల్సింది.