కన్నూరు వాళ్లకు కలిసొచ్చింది ఏమిటి?

నిజామాబాద్ జిల్లా బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో 1937 నాటి నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడితే పేపర్ల నిండా అదే వార్త. బోధన్ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లకు బీడీల పని తగ్గితే మాత్రం ఏ పేపర్లోనూ రాదు. వాళ్లకు గేటూ లేదు, తాళమూ లేదు మరి.

ఆ పని నడిచేది ఇంటి అరుగు మీదే. కంపెనీ తరఫున పనిచ్చే టేకేదార్ తూకం వేసిచ్చిన ఆకును రాత్రే తడిపి పెట్టుకోవాలి. పొద్దున్నే రేకు పెట్టి కత్తెరతో కత్తిరించి, ఒళ్లో చాట పెట్టుకుని చుట్టాలి. ఆకు నాసిరకమైతే బీడీలు లెక్కకు రావు. తక్కువపడ్డ ఆకు చుట్టే ఆమే కొనుక్కోవాలి. బాగా లేవని తీసేసిన బీడీలకు కూలి ఉండదు.

పని పోయే దెబ్బ కేరళలోని కన్నూరు బీడీ కార్మికుల మీద ముందే పడింది. 1966 నాటి బీడీ కార్మికుల చట్టాన్ని 1968లో కేరళ అమలు చేయగానే, గిట్టుబాటు కాదంటూ మంగళూరు యజమానులు కన్నూరులోని కార్ఖానాలు మూసేశారు. దాదాపు 12 వేల మంది రోడ్డున పడ్డారు. ముఖ్యమంత్రి ఈ.ఎం.ఎస్. ప్రభుత్వం అప్పిచ్చి ఆదుకోగా 1969 ఫిబ్రవరిలో కేరళ దినేశ్ బీడీ సహకార సంఘం మొదలైంది. దాని కింది ప్రాథమిక సంఘాల్లో డైరెక్టర్లను కార్మికులే ఎన్నుకుంటారు. ఆకు, పొగాకు కొనడం, సరుకు అమ్మడం కేంద్ర సంఘం చూసుకుంటుంది. 1980లలో కార్మికులు 40 వేలు దాటారు. కన్నూరు కార్ఖానాల్లో ఒకరు పేపరు చదువుతుంటే తక్కినవాళ్లు వింటూ చుట్టేవారట. చదివినవాడి వంతు బీడీలూ వాళ్లే చేసిపెట్టేవారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది తర్వాతి సంగతి. 1990లలో బీడీ గిరాకీ పడిపోతుంటే, సంఘం చేతిలో ఇంకా బలం ఉండగానే కొబ్బరిపాలు, మసాలా పొడులు, గొడుగులు, బట్టల పనిలోకి దిగింది. బీడీ కార్మికులు బాగా తగ్గిపోయారు, నిజమే. సంఘం మాత్రం నిలబడింది.

సహకారం అనే బోర్డు ఒక్కటే చాలదు. నిజామాబాద్ దగ్గరి సారంగపూర్‌లో మన సహకార చక్కెర ఫ్యాక్టరీ కూడా మూతపడింది కదా! కన్నూరు వాళ్లు ఒక్క కప్పు కింద కూర్చుని పనిచేసినవాళ్లు, యూనియన్ రుచి తెలిసినవాళ్లు. మన ఆడవాళ్లు ఎవరి అరుగు మీద వాళ్లు, టేకేదార్ దగ్గర ఒంటరిగా. బీడీ కార్మికులకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే 2,016 రూపాయల జీవనభృతి అక్కరకొస్తుంది, కాదనను. కానీ అది పని కాదు.

పని కావాలంటే ముడిసరుకు ఇంటి ముందే ఉంది. నిజామాబాద్ మార్కెట్‌యార్డు పసుపుకు పేరుమోసింది. 2025 జనవరిలో పసుపు బోర్డు కూడా వచ్చింది. మహిళా సంఘాలు ఊరూరా ఉన్నాయి. పసుపు ఉడకబెట్టి, పాలిష్ పట్టి, పొడి కొట్టి ప్యాకెట్ కట్టే షెడ్లను బీడీలు చేసే ఆడవాళ్ల పేరు మీదే పెట్టాలి. బీడీ కూలి పూర్తిగా ఆగకముందే పెట్టాలి. ఆ ప్యాకెట్లను కొన్నేళ్లపాటు హాస్టళ్లకు, గురుకులాలకు కొంటామని ప్రభుత్వం ముందే రాసివ్వాలి.